బోల్టు ఏడుస్తా ఉంది అల్లుడా: మా పాత కారు ఇంజన్ విప్పి బిగించిన అనుభవం

అలిపిరి దాటి ఘాట్ రోడ్డు ఎక్కాక మూడో మలుపో నాలుగో మలుపో గుర్తులేదు, అక్కడ మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి మాత్రం మెట్లదారిలో నడిచి వెళ్ళేవాళ్ళతో పోటీ పడుతున్నట్టు పాకుతోంది. కాసేపటికి కాలిన వాసన. వెనక సీట్లో మా అమ్మ "గోవిందా గోవిందా" అంటోంది, భక్తితో అంటోందో భయంతో అంటోందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఎలాగో పైకి చేరాం, దర్శనం అయింది, దిగేటప్పుడు ఎటూ పల్లమే కాబట్టి క్లచ్ గురించి ఆలోచించే పని పడలేదు.

క్లచ్ ప్లేటు అంతకు నాలుగు నెలల ముందే కొత్తది వేయించాను. ఎక్కడ వేయించానో చెప్పను, అనవసరం. అప్పుడు కూడా ప్లేటు ఆయిల్ తాగేసి జారుతోందని, ఇంజన్ ఆయిల్ బయటికి రాకుండా ఆపే వెనకాల సీలు పోయిందని చెప్పి సీలు, ప్లేటు రెండూ మార్చి బిల్లు ఇచ్చారు. మరి నాలుగు నెలలకే మళ్ళీ ఇదేంటి?

బైరాగిపట్టెడలో మా వీధి చివర ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. నేను మామా అంటాను, ఆయన అల్లుడా అంటాడు, చుట్టరికం ఏమీ లేదు. ఆయన ఇంటి పక్క రేకుల షెడ్డులో గేర్‌బాక్స్ దించాం. సీలు చూస్తే కొత్తది, దాని కింద పొడిగా ఉంది. క్లచ్ ఆనుకుని తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్, దాని బోల్టుల తలల చుట్టూ మాత్రం నల్లగా తడి, ఒక్కో బోల్టు నుంచి బయటి వైపుకి సన్నటి ఆయిల్ చార. తిరిగేటప్పుడు విసిరికొట్టిన చారలు అవి. మామ వేలితో ఒకదాన్ని తుడిచి, వాసన చూసి, "సీలు కాదు అల్లుడా, బోల్టు ఏడుస్తా ఉంది" అన్నాడు.

బోల్టులు విప్పాం. పిస్టన్లు తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్ట్, దాని చివర ఉన్న ఆ రంధ్రాల్లోకి మామ ఒక రాగి తీగ దూర్చాడు. ఎక్కడో ఒకచోట ఆగుతుందనుకున్నాను. ఆగలేదు, నేరుగా లోపలికి పోయింది, బయటికి తీస్తే కొన మీద ఇంజన్ ఆయిల్. అంటే ఆ రంధ్రాలు ఇంజన్ లోపలికి, సీలుకి అవతలి వైపుకి తెరుచుకుని ఉన్నాయి. సీలు ఎంత కొత్తదైనా సరే, ఆయిల్ బోల్టు మరల వెంట మెలికలు తిరుగుతూ ఎక్కి బయటికొచ్చి క్లచ్ మీద పడుతుంది. బోల్టుల మరల మీద వెలిసిపోయిన రంగు పూత అక్కడక్కడా అంటుకుని ఉంది. ఫ్యాక్టరీలో కొత్త బోల్టుకి ఒక పూత వేసి పంపుతారట, అందులో కంటికి కనిపించనంత చిన్న చిన్న బుడగల్లో జిగురు ఉంటుంది, బిగించినప్పుడు అవి చితికి జిగురు బయటికొచ్చి గట్టిపడుతుంది. అది ఒక్కసారికే. ముందు చేసినవాళ్ళు పాత బోల్టులే తుడిచి, ఏమీ పూయకుండా బిగించేశారు. వాళ్ళని కూడా పూర్తిగా తప్పుపట్టలేను, నేనైనా అదే చేసేవాణ్ణి, బోల్టు అంటే పట్టి ఉంచేది అనుకుంటాం గానీ దాని మరల సందుల్లోంచి ఏదైనా కారుతుందని ఎవరికి తడుతుంది?

ఆ రోజు మామ వేసిన ప్రశ్న ఆ తర్వాత రెండు నెలలు నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఏ బోల్టు చేతికి తీసుకున్నా ఆయన అడిగేది అదే: "దీని అవతలి కొన యాడ తేలతాది?"

బండి ఎలాగూ నీలం పొగ కక్కుతోంది, లీటరు ఆయిల్ నెలకి సరిపోవడం లేదు, గేర్‌బాక్స్ ఎటూ కిందే ఉంది. పైగా నాకు ఎప్పటినుంచో సొంతంగా ఒక ఇంజన్ విప్పాలని కోరిక. మొత్తం దించేశాం. బండి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే ఎవరో ఒకరు టార్క్ నంబర్లు, అంటే ఏ బోల్టు ఎంత బలంతో తిప్పి బిగించాలో చెప్పే అంకెలు కూడా నా దగ్గర్నుంచే తీసుకుంటారు, ఎవరి బండి నంబర్లు వాళ్ళ మాన్యువల్‌లోనే చూసుకోవాలి. కాస్ట్ ఐరన్ బ్లాకు, అల్యూమినియం హెడ్డు, నాలుగు సిలిండర్లు, కార్బొరేటర్ కాలం బండి. ఇంతవరకు చాలు. బోరింగ్, హెడ్ ఫేసింగ్ అన్నీ రేణిగుంట రోడ్డు వైపు లేత్ షాపులో చేయించాం, పిస్టన్లు, ప్యాకింగ్ సెట్టు మద్రాసు జీపీ రోడ్డు నుంచి తెప్పించాం. ఆ పనుల గురించి రాసేంత తెలివి నాకు లేదు. నేను చేసిందల్లా విప్పడం, కడగడం, బిగించడం. ఇందులోనే ఇన్ని సంగతులు ఉంటాయని అనుకోలేదు.

విప్పేటప్పుడే ఒక అట్టపెట్టె మూత మీద ఇంజన్ ముఖం బొమ్మ గీసుకుని, ఏ బోల్టు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోట బొక్క చేసి అందులో గుచ్చాను. హెడ్డుకి ఒక అట్ట, టైమింగ్ కవరుకి ఒకటి, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టికి, అంటే చాంబర్‌కి ఒకటి. ఒకే కవరులో మూడు పొడవుల బోల్టులు ఉంటాయి, చూడటానికి అన్నీ ఒకటే. పొడుగుది పొట్టిదాని బొక్కలో వేస్తే అడుగుకి తగిలి ఆగుతుంది, మనకేమో బిగిసిందనిపిస్తుంది, కవరు మాత్రం లూజుగానే ఉంటుంది. ఇంకా బలంగా తిప్పితే అల్యూమినియంలో మరలు ఊడిపోతాయి. మా టైమింగ్ కవరులో ఒక ఆరు ఎంఎం బోల్టుకి ఎప్పుడో ఇదే జరిగింది, అందులో ఎంసీల్ కూరి బోల్టు గుచ్చి వదిలేశారెవరో మహానుభావులు. దాన్ని తవ్వి, పెద్ద ట్యాప్ కొట్టి, స్టీలు స్ప్రింగు లాంటి హెలికాయిల్ వేశాం. ఇప్పుడు ఆ ఒక్క మర మిగతావాటికంటే గట్టిది.

ఇక కడగడం. ఇంజన్ పనిలో ఎవరూ ఫోటో తీసి పెట్టని పని ఇదే, సగం రోజులు దీనికే పోయాయి. బోల్టుల మరలు వైర్ బ్రష్‌తో సులువుగానే శుభ్రమవుతాయి. కష్టమంతా బ్లాకులోని రంధ్రాలతోనే. నేను ఉత్సాహంగా కొత్త ట్యాప్ సెట్టు కొనుక్కొచ్చాను, మామ దాన్ని పక్కన పెట్టించాడు. ట్యాప్ అనేది మర కోసే పనిముట్టు, దానికి పాత మురికీ ఉన్న లోహమూ తేడా తెలియదు, రెండూ చెక్కేస్తుంది, మర వదులవుతుంది. ఆయన చేసింది చూడండి: అదే కొలత పాత బోల్టు ఒకటి తీసుకుని హాక్సా బ్లేడుతో దాని మరల మీద నిలువుగా రెండు గాట్లు కోశాడు, కొన కాస్త అరగదీశాడు, అంతే. దాన్ని చేత్తో తిప్పుతూ దించితే మురికి ఆ గాట్లలో చేరుతుంది. ఒక్కో రంధ్రం నుంచి ఎండిన పాత సిలికాన్, తుప్పు, ఒకదాన్లోంచి చిన్న ఎర్రమన్ను ముద్ద కూడా వచ్చింది. ఆ మన్ను అక్కడికి ఎలా చేరిందో ఏడుకొండలవాడికే తెలియాలి.

అడుగు మూసుకున్న రంధ్రాల సంగతి వేరే. హెడ్డు ఎత్తినప్పుడు కూలెంటూ ఆయిలూ కలిసి హెడ్ బోల్టు రంధ్రాల్లోకి జారుతాయి. పైనుంచి చూస్తే నల్లగా ఉంటుంది, ఏమీ కనపడదు. అలాగే బోల్టు దించితే అడుగునున్న ద్రవానికి పోయే దారి ఉండదు, ద్రవం నలగదు, బోల్టు ఒక పిస్టన్ అయిపోతుంది. పానా మీద మనం వేసే బలం అంతా ఆ ద్రవం మీద పడి బ్లాకు చిట్లవచ్చు, ఇనుప బ్లాకు కూడా. చిట్లకపోయినా, చెప్పిన బలం రాగానే టిక్కుమనే పానా, అదే టార్క్ రెంచ్, టిక్కుమంటుంది గానీ హెడ్డు మీద పడాల్సిన పట్టు పడదు. డిపోలో ఒకసారి అలా ఒక బ్లాకు పోయిందని మామ చెప్పాడు, ఎవరి చేతిలో పోయిందో మాత్రం చెప్పలేదు, నేను అడగలేదు. మేం సిరంజికి సన్నటి గొట్టం తగిలించి లాగేశాం, తర్వాత బ్రేక్ క్లీనర్ కొట్టి, గుడ్డ కప్పి గాలి కొట్టాం. గుడ్డ లేకుండా కొట్టి మొదటి రంధ్రం సరుకంతా నా కళ్ళజోడు మీద పడ్డాక వచ్చిన తెలివి అది.

ఇక జిగురు సీసాలు. షాపులో నీలం రకం మరల జిగురు అడిగితే ఎర్ర ప్లాస్టిక్ సీసా ఇచ్చాడు. ఊపి చూస్తే సగమే ఉంది. మోసం చేస్తున్నాడని గొడవ పెట్టుకోబోయాను, ఇంకోటి ఇచ్చాడు, అదీ సగమే. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, అది సగమే ఉండాలి. ఈ జిగురు గాలి తగిలినంతసేపు ద్రవంగానే ఉంటుంది. గాలి అందని చోట, ఇనుమో రాగో లాంటి లోహం తగిలితే అప్పుడు గట్టిపడుతుంది. సీసాలో నిండుగా పోస్తే గాలి చాలక సీసాలోనే గడ్డ కట్టే ప్రమాదం, అందుకే సగం ఖాళీ వదులుతారు, సీసా ప్లాస్టిక్ కూడా గాలి లోపలికి కాస్త ఇంకేదే వాడతారు. ఫెవిక్విక్‌తో పెరిగిన మన బుర్రకి ఇది తలకిందుల లెక్క. అమెరికాలో వెర్నన్ క్రీబుల్ అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ 1953లో దీన్ని కనిపెట్టాడు, లాక్‌టైట్ అన్న పేరుతో 1956లో బజారులోకి తెచ్చారు. ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి.

రంగుల లెక్క తెలుసుకోవాలి. ఊదా రంగుది చిన్న స్క్రూలకి, తేలిగ్గా ఊడుతుంది. నీలం మధ్యరకం, మామూలు పానాతో విప్పవచ్చు. ఎరుపు గట్టిది, అది పట్టాక విప్పాలంటే ఆ చోటుని దాదాపు 250 డిగ్రీల దాకా కాల్చాలి. ఆకుపచ్చది పల్చగా ఉంటుంది, ముందే బిగించేసిన బోల్టు పక్కన చుక్క వేస్తే సందులోకి పాకుతుంది. రంగులు అన్ని కంపెనీలకీ ఒకటేనని నమ్మకండి, సీసా మీద నంబరు చూసుకోండి. నేను వాడింది లాక్‌టైట్ 243. ఇది నీలం రకమే, కాస్త ఆయిల్ జిడ్డు మిగిలినా పట్టుకుంటుంది, 180 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. ఆయిల్‌ని తట్టుకుంటుంది కదా అని కడగడం మానేయమని కాదు.

నేరుగా ఇంజన్ మీద ప్రయోగం ఎందుకని ముందు ఎనిమిది ఎంఎం బోల్టులు, నట్లు కొన్ని కొనుక్కొచ్చి షెడ్డులో బల్ల మీద పరీక్ష పెట్టాను. నల్ల బోల్టులు కొన్ని, జింకు పూత ఉన్న తెల్లవి కొన్ని, కొన్నిటిని కడిగి, కొన్నిటికి కావాలని ఆయిల్ రాసి. గంట తర్వాత కడిగిన నల్ల బోల్టు విప్పబోతే గట్టిగా ఎదురుతిరిగింది, తెల్లది మాత్రం దాదాపు ఉత్త చేత్తోనే కదిలింది. జింకు, స్టెయిన్‌లెస్ లాంటివాటి మీద ఈ జిగురు బద్ధకంగా పని చేస్తుంది, తొందరగా కావాలంటే దానికి వేరే స్ప్రే అమ్ముతారు. నేను తొందర పడలేదు, మర్నాటికి తెల్లది కూడా పట్టేసింది. ఒక విషయం అనుకోకుండా తెలిసింది, నట్టు బయటికి ఉబికి వచ్చిన జిగురు మర్నాడు కూడా తడిగానే ఉంది. అది చూసి జిగురు పని చేయలేదని కంగారు పడేవాళ్ళు ఉంటారు, బయట ఉన్నదానికి గాలి తగులుతోంది కాబట్టి అది ఎండదు, తుడిచేస్తే సరి. ప్లాస్టిక్ మీద మాత్రం పడనివ్వకండి, కొన్ని రకాల ప్లాస్టిక్ దీనికి పగుళ్ళు ఇస్తుంది.

ఇన్ని తెలిశాక మనిషి ఊరుకుంటాడా, సీసా చేతికొచ్చింది కదా అని పిస్టన్‌ని క్రాంక్ షాఫ్ట్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బోల్టులకి కూడా ఒక్కో చుక్క వేద్దామని సిద్ధమయ్యాను. లోపల తిరుగుతూ ఉంటుంది, ఊడితే ఇంజన్ పక్కన కన్నం పెట్టుకుని బయటికొస్తుంది, దానికి కాకపోతే ఇంక దేనికి? మామ నిజంగానే చేతి మీద కొట్టాడు. "దాన్ని పట్టుకునేది జిగురు కాదు అల్లుడా, దాని సాగుడే దాన్ని పట్టుకుంటాది." తర్వాత మాన్యువల్ తీసి చూస్తే అందులోనూ అదే ఉంది, మరలకి ఇంజన్ ఆయిల్ పూసి చెప్పిన టార్క్‌కి బిగించమని.

దీని వెనక లెక్క అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. బోల్టు బిగించినప్పుడు అది కొంచెం సాగుతుంది, గట్టి స్ప్రింగులాగా. సాగింది మళ్ళీ ముడుచుకోవాలని లాగుతూ ఉంటుంది, ఆ లాగుడే రెండు ముక్కల్ని కలిపి పట్టుకునేది. మనం పానా మీద పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింద రాపిడికే పోతుంది, ఇంకో 40 శాతం దాకా మరల రాపిడికి పోతుంది, నిజంగా బోల్టుని సాగదీసేది ఓ పదో వంతు. అందుకే పొడిగా బిగించమన్న బోల్టుకి ఆయిల్ పూస్తే రాపిడి తగ్గి, అదే టార్క్‌కి బోల్టు మామూలుకంటే ఎక్కువ సాగుతుంది, తెగనైనా తెగుతుంది, అల్యూమినియంలో మరనైనా లాగేస్తుంది. ఆయిల్ పూయమన్నదాన్ని పొడిగా బిగిస్తే టిక్కు వినపడుతుంది, పట్టు రాదు. మాన్యువల్‌లో నంబరు పక్కన ఉండే ఆ చిన్న మాట, ఆయిల్‌తోనా పొడిగానా అన్నది, నంబరుతో సమానమైన విషయం. ఇన్నాళ్ళూ దాన్ని అలంకారం అనుకున్నాను.

నంబరు దగ్గర కూడా ఒకసారి దెబ్బతినబోయాను. పాత మాన్యువల్‌లో టార్క్ కేజీ-మీటర్లలో, అంటే కేజీ-ఎంలో ఉంది, అరువు తెచ్చిన టార్క్ రెంచ్ న్యూటన్-మీటర్లలో ఉంది. 9.8తో హెచ్చవేయాలి. నేను ఒక కాగితం మీద అన్నీ లెక్కేసి షెడ్డు గోడకి అంటించాను. హెడ్ బోల్టులు మధ్య నుంచి చివరలకి, మూడు విడతల్లో. ప్రతి బోల్టు తల కింద వాషరుకి కూడా చుక్క ఆయిల్, జిగురు మాత్రం లేదు. రంధ్రం అడుగున చుక్క కూడా మిగలకూడదన్నాం కదా, అందుకని బోల్టుని ఆయిల్‌లో ముంచలేదు, కుంచెతో పలచగా రాశాను.

నీళ్ళ పంపు దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ మామ తీగ. దాని బోల్టుల్లో రెండు నీళ్ళ జాకెట్‌లోకి, అంటే బ్లాకులో నీళ్ళు తిరిగే ఖాళీలోకి తేలాయి, మిగతావి అడుగు మూసుకున్నవి. ఇక్కడ ఊడిపోతుందన్న భయం లేదు, నీళ్ళు మర వెంట ఎక్కి వస్తాయన్నదే భయం. వాటికి తెల్లగా పేస్టులా ఉండే టెఫ్లాన్ కలిసిన మరల సీలెంట్ రాశాను, మర చుట్టూ ఎక్కడా ఖాళీ లేకుండా. రాయకపోతే నీరు కారడం ఒక్కటే కాదు, ఆ బోల్టు లోపలే తుప్పు పట్టి, మళ్ళీ విప్పేటప్పుడు తల ఒక్కటే చేతికొస్తుంది.

ఆయిల్ ప్రెషర్ స్విచ్ దగ్గర ముందు చేసినవాళ్ళ టెఫ్లాన్ టేపు ఉంది, కుళాయికి చుట్టినట్టు మందంగా. దాని చివర ముక్క ఒకటి తెగి దారంలా లోపలికి వేలాడుతోంది. ఆ దారం తెగి ఆయిల్ దారిలో పడి ఏ సన్నటి రంధ్రానికో అడ్డం పడితే అక్కడి బేరింగుకి ఆయిల్ అందదు. పైగా ఒకే వైరు ఉన్న స్విచ్చికి రెండో వైరు ఇంజన్ బ్లాకే, అది మరల ద్వారానే కలవాలి. టేపు అంతా గీకేసి, మొదటి మర వదిలేసి, రెండో మర నుంచి కొంచెం పేస్టు రాసి బిగించాం. మీటరుతో చూస్తే కరెంటు కలుస్తోంది.

కింద చాంబర్ విప్పినప్పుడు చూసిన దృశ్యం మాత్రం మర్చిపోలేను. ఆయిల్ పీల్చే జాలీ సగం మూసుకుపోయి ఉంది, బూడిద రంగు వానపాముల్లాంటి సిలికాన్ ముక్కలతో. బయట అంచున ఎంత ఉబికిందో లోపల కూడా అంతే ఉబుకుతుంది, లోపలిది ఎవరికీ కనపడదు కాబట్టి ఎవరూ తుడవరు. మన దగ్గర ఇంజన్ పనంటే సిలికాన్ ట్యూబు ఖాళీ అయ్యేదాకా పెట్టడమే అన్నట్టు తయారైంది, ఎక్కువ పెడితే కారదని ఒక నమ్మకం. నేను రెండు మూడు ఎంఎం మందం గీత ఒకటే పెట్టాను, బోల్టు రంధ్రాలకి లోపలి వైపు నుంచి చుట్టి తీసుకెళ్ళాను. అంతకుముందు చాంబర్ అంచుని బల్ల మీద బోర్లించి, ప్రతి రంధ్రం దగ్గర పొంగిన రేకుని చెక్క దిమ్మె పెట్టి కొట్టి చదును చేశాం. ఎక్కువ బిగించడం వల్ల రేకు పొంగుతుంది, పొంగిన చోట తలదగ్గరే ఆనుతుంది, రెండు బోల్టుల మధ్య సందు వస్తుంది, కారుతుంది, కారుతోందని ఇంకా బిగిస్తారు. అలా ఇరవై ఏళ్ళు బిగించిన చాంబర్ అది.

స్ప్రింగ్ వాషర్ల గురించి మామకీ నాకూ పెద్ద వాదనే జరిగింది. ఆయనకి స్ప్రింగ్ వాషరు లేకుండా బోల్టు వేయడమంటే చొక్కా లేకుండా పెళ్ళికెళ్ళినట్టు. నేను చదివింది వేరే. 1969లో గెర్హార్డ్ యుంకర్ అనే జర్మన్ ఇంజనీరు ఒక పరీక్ష మెషీన్ కట్టి చూపించాడు, బోల్టు వదులయ్యేది ముఖ్యంగా అడ్డంగా వచ్చే కదలిక వల్ల, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి జారితే రాపిడి పట్టు తప్పి నట్టు తనంతట తానే తిరిగిపోతుందని. ఇలాంటి పరీక్షల్లో స్ప్రింగ్ వాషరు పెద్దగా ఆపదని తేలింది, పూర్తిగా బిగించాక అది చదునై మామూలు వాషరులాగే కూర్చుంటుంది మరి. మామ అంతా విని, "మా డిపో బస్సులకి ఆ సంగతి తెలీదు పాపం" అన్నాడు. చివరికి రాజీ కుదిరింది. పాతవి ఎక్కడ ఉన్నాయో అక్కడే కొత్తవి వేశాం, వదులైతే ప్రమాదమైన చోట్ల, అంటే క్లచ్ కవరు, ఇంజన్ మౌంటింగు బ్రాకెట్లు, ఆల్టర్నేటర్ బ్రాకెట్ లాంటి చోట్ల, నీలం జిగురు కూడా పడింది. వాదనలో ఎవరు గెలిచారో తెలియదు, బ్రాకెట్లు మాత్రం కదలలేదు.

ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. అక్కడి వేడికి ఏ నీలం జిగురూ ఆగదు, నైలాన్ ఉంగరం ఉన్న నట్లు వేస్తే ఆ నైలాన్ కరుగుతుంది. విప్పేటప్పుడు ఒక స్టడ్, అంటే తల లేని బోల్టు, తెగింది, లేత్ షాపులో తీయించాం. కొత్త స్టడ్‌లకి రాగి గ్రీసు రాసి ఇత్తడి నట్లు వేశాం.

చివరికి ఫ్లైవీల్. కథ మొదలైంది అక్కడే కదా. కొత్త బోల్టులు తెప్పించాను, వాటికి ఫ్యాక్టరీ పూత ఉంది. ఆ పూత ఉన్నప్పుడు పైన ఇంకో జిగురు పూయకూడదు, అది నాకు తెలుసు. కానీ ఆరు బోల్టుల్లో ఒకదాని పూత రవాణాలో పొట్టు రాలిపోయింది. ఒక్క బోల్టు కోసం మళ్ళీ మద్రాసుకి ఆర్డరు పెట్టి వారం ఆగడమా అని ఒక పూట తర్జనభర్జన పడ్డాను. ఆఖరికి దాని పూత మొత్తం వైర్ బ్రష్‌తో తీసేసి, కడిగి ఆరబెట్టి, రంధ్రాన్ని కూడా అడుగుదాకా తుడిచి, మర పట్టే భాగమంతా చుట్టూ నిండేలా నీలం జిగురు రాశాను. ఊడకుండా ఆపడానికైతే ఒక చార సరిపోయేదేమో, ఇక్కడ ఆయిల్‌ని కూడా ఆపాలి, చుట్టూ ఎక్కడ ఖాళీ ఉన్నా అదే దారి అవుతుంది. ఎదురెదురు బోల్టులు జంటగా బిగిస్తూ, రెండు విడతల్లో పూర్తి చేశాం. బిగించాక మళ్ళీ సరిచూద్దామని కాసేపాగి తిప్పకూడదు, పట్టుకోవడం మొదలుపెట్టిన జిగురు విరిగిపోతుంది. సాయంత్రం ఆరింటికి బిగించి, మర్నాడు సాయంత్రం దాకా షెడ్డు తాళం తీయలేదు. మే నెల, తిరుపతి ఎండ, ఆ రేకుల షెడ్డులో ఇరవై నాలుగు గంటలు కూడా అక్కర్లేదేమో, అయినా ఆగాం.

బండిలో ఎక్కించే ముందు ఇంకో పని చేశాను. బయటికి కనిపించే ప్రతి బోల్టు తల నుంచి పక్కన లోహం మీదకి ఒక సన్నటి గీత గీశాను. బోల్టు కొంచెం తిరిగినా గీత తప్పుతుంది, పానా పెట్టకుండానే తెలుస్తుంది. దీనికి వేరే పెయింటు అమ్ముతారు గానీ నేను మా ఆవిడ నెయిల్ పాలిష్ తీసుకున్నాను. అది పెళ్ళికని దాచుకున్న సీసా అని తర్వాత తెలిసింది. "ఇంజన్‌కి గోళ్ళు కూడా ఉంటాయా?" అంది, కొత్తది రెండు కొనిపించింది.

మొదటి వెయ్యి కిలోమీటర్లు చంద్రగిరి, పుత్తూరు, కాళహస్తి అంటూ చదును రోడ్ల మీదే మెల్లగా తిప్పాను. ఆ తర్వాత అమ్మని ఎక్కించుకుని మళ్ళీ అలిపిరి. పైకెళ్ళే రోడ్డు 1974 నాటిది, మా బండికంటే వయసులో పెద్దది, దాని మలుపులేం మారలేదు. బండి మారింది. రెండో గేరులో నిండు బరువుతో ఎక్కింది, అమ్మ ఈసారి గోవిందా అనలేదు, నిద్రపోయింది.

మర్నాడు పొద్దున బానెట్ ఎత్తి గీతలన్నీ టార్చి వేసి చూశాను. ఎగ్జాస్ట్ నట్లలో రెండిటి గీతలు కొద్దిగా తప్పాయి, వేడికి కొత్త ప్యాకింగ్ కూర్చున్నట్టుంది, చల్లారిన ఇంజన్ మీదే మళ్ళీ టార్క్‌కి బిగించి, పాత గీత చెరిపి కొత్తది గీశాను. బండి కిందికి దూరి గేర్‌బాక్స్ గూడు అడుగున ఉన్న చిన్న కన్నంలో తెల్ల గుడ్డ చుట్టిన పుల్ల పెట్టి తిప్పి బయటికి తీశాను. కాస్త క్లచ్ దుమ్ము అంటింది, ఆయిల్ లేదు. ఆ గుడ్డ తీసుకెళ్ళి మామకి చూపిస్తే, కళ్ళజోడు పెట్టుకుని రెండు వైపులా తిప్పి చూసి, వాసన చూసి, "కాఫీ తాగతావా?" అన్నాడు.